ప్రయాణ సందేహాలు: టికెట్ కొనే ముందు పాస్‌పోర్ట్ తెరిచి చూడండి

(మే 2022లో రాసినది; ఇందులోని కరోనా, పన్ను నిబంధనలు అప్పటివి, ఆ తరువాత మారాయి)

ప్రశ్న: నేను, నా భార్య ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ పొందాము. 2020 మే నెలలో సింగపూర్ వెళ్లడానికి అన్నీ సిద్ధం చేసుకున్న తరువాత లాక్‌డౌన్ వచ్చి ప్రయాణం ఆగిపోయింది. మేమిద్దరం ఇంతవరకు దేశం దాటి ఎరుగము. ఆంక్షలు సడలించారని వింటున్నాము కనుక ఈ జూన్ మొదటి వారంలో తొమ్మిదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని అయిదు రోజులు వెళ్లి రావాలని ఉంది. మా ఇద్దరికీ కోవిషీల్డ్ రెండు డోసులు, ఆపైన ముందుజాగ్రత్త డోసు కూడా అయ్యాయి. మా పాస్‌పోర్టులు 2019లోనూ, మనవరాలిది 2017 నవంబరులోనూ తీసుకున్నవి. కరోనా పరీక్షలు ఇంకా చేయించుకోవాలా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు అడిగిన పరీక్షల కన్నా ముందు, మీరు అడగని పాస్‌పోర్ట్ విషయం చెప్పాలి. చిన్నపిల్లల పాస్‌పోర్ట్ గడువు అయిదేళ్లే. మీ మనవరాలిది ఈ నవంబరుతో ముగుస్తుంది. సింగపూర్ చేరే నాటికి పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి కనుక, జూన్ మొదటి వారంలో బయలుదేరితే విమానాశ్రయంలోనే ఆ పాపను ఆపేస్తారు. రెండేళ్లు ఎవరమూ ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి బీరువాలో పెట్టిన పాస్‌పోర్ట్ పెట్టినట్టే ఉందనుకుంటాము గాని, దాని గడువు మాత్రం లాక్‌డౌన్‌లోనూ తరుగుతూనే వచ్చింది. పాప తల్లిదండ్రుల చేత వెంటనే రీ-ఇష్యూ దరఖాస్తు చేయించండి. తల్లిదండ్రులిద్దరికీ గడువున్న పాస్‌పోర్టులు ఉంటే పిల్లలకు సాధారణంగా పోలీసు విచారణ అవసరం పడదు. వీసా ఆ కొత్త పాస్‌పోర్ట్ మీదనే తీసుకోవాలి కాబట్టి, అది చేతికి వచ్చేవరకు టికెట్లు కొనవద్దు. ఈసారి ఆంధ్రప్రదేశ్‌లో బడులు జూలై 4న గాని తెరవరు కనుక, ప్రయాణాన్ని జూన్ మూడో వారానికో నాలుగో వారానికో జరుపుకుంటే తొందర ఉండదు. తల్లిదండ్రులు వెంట రావడం లేదు కనుక వారి సమ్మతి పత్రాన్ని, పాప జనన ధ్రువపత్రాన్ని దగ్గర ఉంచుకోవడం మేలు.

ఇక పరీక్షలు. రెండు డోసులు పూర్తయిన వారికి సింగపూర్ ఏప్రిల్ 1 నుంచి క్వారంటైన్ ఎత్తివేసింది. బయలుదేరే ముందు చేయించుకోవలసిన పరీక్షను కూడా ఏప్రిల్ 26 నుంచి తీసివేసింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టీకా నిబంధన వర్తించదు. చేరడానికి ముందు మూడు రోజుల లోపల ‘ఎస్‌జీ అరైవల్ కార్డ్’ అనే ప్రవేశ వివరాల పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి సింగపూర్ ప్రభుత్వం ఏమీ వసూలు చేయదు; డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి. రైళ్లలో, బస్సుల్లో, భవనాల లోపల మాస్కు ఇంకా తప్పనిసరి.

అసలు చిక్కు వెళ్లేటప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు ఉంది. మన దేశంలో దిగే ప్రతి ప్రయాణికుడూ ‘ఎయిర్ సువిధ’ పోర్టల్‌లో స్వీయ ధ్రువీకరణ నింపి, టీకా ధ్రువపత్రాన్ని గాని, ప్రయాణానికి ముందు 72 గంటల లోపల చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ నివేదికను గాని జతచేయాలి. మినహాయింపు అయిదేళ్ల లోపు పిల్లలకే ఉంది. మన దగ్గర పన్నెండేళ్ల లోపు వారికి టీకా ఇంకా మొదలు కాలేదు. అంటే మీ ముగ్గురిలో పరీక్ష అవసరమయ్యేది తొమ్మిదేళ్ల పాపకే! ఆ నివేదిక పాజిటివ్‌గా వస్తే ముగ్గురూ అక్కడే మరికొన్ని రోజులు ఉండిపోవలసి వస్తుంది, గది అద్దె, టికెట్ మార్పు ఖర్చు మీదే అవుతుంది. అందువల్ల కోవిడ్ చికిత్సతో పాటు ఇలాంటి అదనపు బస ఖర్చు కూడా భరించే ప్రయాణ బీమా తీసుకోండి. ఈ ఒక్కచోట మాత్రం పొదుపు చూడవద్దని నా సలహా.

మన తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది మరొకటి ఉంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కోవిన్ (టీకా నమోదు పోర్టల్) ధ్రువపత్రంలో ఆధార్‌ను అనుసరించి ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే కోవిన్ పోర్టల్‌లో పేరు సరిదిద్దుకుని, పాస్‌పోర్ట్ సంఖ్యను జతచేసి, పుట్టిన తేదీ పూర్తిగా ఉండే అంతర్జాతీయ ధ్రువపత్రాన్ని దింపుకోండి. సరిదిద్దుకునే అవకాశం ఒక్కసారే ఇస్తారు కనుక అక్షరాలు సరిచూసుకున్నాకే నొక్కండి.

మందుల విషయం కూడా చెబుతాను. బీపీ, షుగరు మాత్రలు మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో తీసుకువెళ్లవచ్చు. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు వంటి వాటికి సింగపూర్‌లో ముందస్తు అనుమతి అవసరం కావచ్చు. మన మందుల దుకాణంలో చనువుగా ఇచ్చేసే మందే అక్కడ నేరం కావచ్చునని మరవకండి.

ప్రశ్న: 2020 మే 10 నాటి విదేశీ ప్రయాణానికి ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఏజెంటు ద్వారా మన దేశపు విమాన సంస్థలో టికెట్లు కొన్నాము. సొమ్ము ‘క్రెడిట్ షెల్’లో (రద్దయిన టికెట్ సొమ్మును తరువాతి ప్రయాణానికి వాడుకునేలా విమాన సంస్థ దగ్గర ఉంచే ఖాతాలో) ఉందని అప్పట్లో చెప్పిన ఏజెంటు, ఇప్పుడు గడువు తీరి అది పోయిందంటున్నాడు. నిజమేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజం కాదు. లాక్‌డౌన్ కాలపు టికెట్ల మీద సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పు ప్రకారం, క్రెడిట్ షెల్‌ను 2021 మార్చి 31 వరకు వాడుకోవచ్చు, మరొకరికి బదిలీ కూడా చేయవచ్చు. ఆలోగా వాడుకోని సొమ్మును విమాన సంస్థ తిరిగి చెల్లించాలి. అంటే మార్చి 31 వాడకానికి గడువే గాని, మీ సొమ్ము చెల్లిపోయే తేదీ కాదు. ఏజెంటు ద్వారా కొన్న టికెట్ సొమ్ము ఏజెంటు ద్వారానే తిరిగి వస్తుంది, కనుక అది అతనికి ఇప్పటికే చేరిందేమో టికెట్ పీఎన్ఆర్ ఇచ్చి విమాన సంస్థనే లిఖితపూర్వకంగా అడగండి. చేరిందన్న సమాధానం వస్తే, ఆ కాగితంతో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

ప్రశ్న: థాయిలాండ్ ప్యాకేజీ ధర మీద టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను) పేరుతో ట్రావెల్స్ వారు 5 శాతం అదనంగా అడుగుతున్నారు. ఇవ్వవలసిందేనా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇవ్వవలసిందే. 2020 అక్టోబరు 1 నుంచి విదేశీ యాత్రా ప్యాకేజీలన్నిటికీ, ధర ఎంతైనా సరే, ఇది వర్తిస్తోంది. మీకు ఇప్పటివరకు ఎదురుకాకపోవడానికి కారణం ఆ తరువాత ప్రయాణాలే లేకపోవడం. పాన్ సంఖ్య ఇవ్వకపోతే 10 శాతం పట్టుకుంటారు. అయితే ఇది మీ ఖాతాలో జమ అయ్యే ముందస్తు పన్నే కనుక, మీ పాన్ మీద జమ అయిన పన్నుల వివరాలు చూపే 26ఏఎస్ పత్రంలో నమోదైందో లేదో చూసుకుని, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోండి. పన్ను కట్టవలసినంత ఆదాయం లేకపోయినా, రిటర్ను వేస్తేనే ఆ సొమ్ము వాపసు వస్తుంది.