శాలువాలు, బిరుదులు, మీసాలు

ప్రశ్న: మా పెదనాన్నగారికి ఈ మధ్య ఒక సాహిత్య సంస్థ బిరుదు ఇచ్చింది. అదే వేదిక మీద అదే బిరుదును మరికొందరికి కూడా ఇచ్చారు. ఇప్పుడు మా చెల్లెలి శుభలేఖలో తన పేరుకు ముందు ఆ బిరుదు అచ్చు వేయించాలని ఆయన పట్టుబడుతున్నారు. ఇది చట్టరీత్యా తప్పు కాదా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: పెళ్లింటి తగవులోకి చట్టాన్ని పిలవకండి, అది ఆయన పక్షానే మాట్లాడుతుంది. సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలు తప్ప మరే బిరుదునూ ప్రభుత్వం ఇవ్వరాదని రాజ్యాంగంలోని 18వ అధికరణం చెబుతోంది. ఊళ్లోని సాహిత్య సంస్థ ప్రభుత్వం కాదు గనుక దాని ఔదార్యానికి అడ్డు లేదు. ఇందులో తమాషా ఏమిటంటే, భారతరత్న, పద్మ పురస్కారాలు బిరుదుల కిందికి రావు గనుక అవి చెల్లుతాయని, అయితే వాటిని అందుకున్నవారు తమ పేరుకు ముందు గానీ వెనుక గానీ తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో తీర్పు చెప్పింది. అంటే రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ అందుకున్న వ్యక్తి ఉత్త పేరుతో సరిపెట్టుకోవలసి ఉండగా, కల్యాణమండపంలో శాలువాతో పాటు బిరుదు అందుకున్న మీ పెదనాన్నగారు దానిని దర్జాగా అచ్చు వేయించుకోవచ్చు. ఒక్క పంక్తితో ఇంట్లో శాంతి దొరుకుతుందంటే అది చవక బేరమే. బిరుదు అక్షరాలు వరుడి పేరు కన్నా పెద్దవి కాకుండా మాత్రం చూసుకోండి. అవతలి వియ్యాలవారికీ పెదనాన్నలు ఉంటారు.

ప్రశ్న: విద్య వినయాన్ని ఇస్తుందని చదువుకున్నాము. నిజమైన ప్రతిభ ఉన్నవారికి గర్వం ఉండవచ్చునా? (ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: పందెం ఒడ్డేవారికి ఉండవచ్చు. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గార్లు పండిత కుటుంబాలలో పుట్టి కూడా మీసాలు పెంచారు. ఇదేమి చోద్యమని నొసలు చిట్లించిన లోకానికి వారు పద్యంలోనే సమాధానం చెప్పారు. దోషమని తెలిసీ పెంచామని, తెలుగు, సంస్కృతం రెండు భాషలలోనూ మేమే కవీంద్రులమని తెలపడానికే పెంచామని, రోషం గల కవులెవరైనా మమ్మల్ని గెలిస్తే ఈ మీసాలు తీసి వారి పాదాల చెంత తలలుంచి మొక్కుతామని దాని సారాంశం. ఇందులోని అహంకారం ఎవరికైనా కనబడుతుంది. అందరూ చూడవలసింది చివరనున్న షరతును. ఓడితే ఏమి పోగొట్టుకోవాలో వారే నిర్ణయించి, ప్రశ్నలు వేసే పృచ్ఛకులు నూరుగురు ఎదురుగా కూర్చునే శతావధాన సభలలోకి ఆ మీసాలతోనే నడిచారు. నేటి సభలలో తాను రాసి ఇచ్చిన పరిచయ పత్రాన్ని వ్యాఖ్యాత చేత చదివించుకుంటూ, ‘ఇదంతా ఎందుకండీ’ అన్నట్లు తల దించుకుని కూర్చునే పెద్దమనిషికి పోయేదేముంది? మహా అయితే వ్యాఖ్యాత ఒక విశేషణం ఎగరగొడతాడు. అప్పుడు మాత్రం ఆ దించిన తల చటుక్కున లేస్తుంది.

ఇదే కథకు ఇంకొక భాగం ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. తిరుపతిశాస్త్రి గారు 1920లో కన్నుమూశారు. వేంకటశాస్త్రి గారు 1950 వరకు జీవించారు. ఒంటరిగా రాసిన ఆ కాలంలోనూ ఆయన తన రచనలను జంట పేరుతోనే వెలువరించారు. ఆధునిక పరిశోధన పత్రాలలో ఎవరి పేరు ముందు ఉండాలన్న దాని మీద స్నేహాలు చెడగొట్టుకునే ఆచార్యులు ఈ సంగతిని ఒకసారి తీరికగా ఆలోచించవచ్చు.

ప్రశ్న: పాట పాడమంటే ‘గొంతు బాగాలేదు, సాధన తప్పింది’ అని పావుగంట బతిమాలించుకుని, ఆ తరువాత ఎవరు ఆపమన్నా ఆపని మా వదినగారిని ఏమి చేయాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఆ పావుగంట కూడా కచేరీలో భాగమే. ఈసారి ఒక్కసారి మాత్రమే అడిగి, ‘అయ్యో, వదినగారికి గొంతు బాగాలేదట, వేడి పాలలో మిరియాల పొడి వేసి ఇవ్వండి’ అని లోపలికి కేకేయండి. పాలు కాగేలోపు పల్లవి మొదలవుతుంది.

ప్రశ్న: ‘రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను’ అని మైకు పట్టుకుని ముప్పావుగంట మాట్లాడే ముఖ్య అతిథులకు మందు లేదా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. వారిలో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం, అంటే అవధాని పద్యపు ఎత్తుగడలో ఉండగా సంబంధం లేని ప్రశ్న వేసి ఏకాగ్రత చెదరగొట్టడం. అక్కడ ఆ పనికి ఒక మనిషిని ప్రత్యేకంగా నియమిస్తారు. మామూలు సభలలో ముఖ్య అతిథి దానిని స్వచ్ఛందంగా నిర్వహిస్తాడు. అధ్యక్షుడు చీటీ పంపితే, కళ్లజోడు సవరించుకుని దానిని చదివి, తన ప్రసంగానికి వచ్చిన మెచ్చుకోలు అన్నట్లు చిరునవ్వు నవ్వి జేబులో వేసుకునేవారిని మీరూ చూసే ఉంటారు. చీటీల వల్ల కాదు గానీ, భోజనాలు వడ్డించారన్న కబురు వేదిక మీదికి వినబడేలా చెప్పించండి.

ప్రశ్న: మిత్రుడి కవితా సంపుటి ఏమాత్రం బాగాలేదు. అభిప్రాయం రాయమని రోజూ ఫోన్ చేస్తున్నాడు. అబద్ధం ఆడకుండా ఏమి రాయను? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ముఖచిత్రం గురించి ఒక పేరా, కాగితం నాణ్యత గురించి ఒక పేరా రాయండి. ఆయన చదివేది చివర మీరు చేసే సంతకం, దాని కింద ఉండే మీ ఉద్యోగ హోదా మాత్రమే.