చెదల గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. వాక్యం ఎక్కడా తడబడలేదు. మన కోనసీమ ఊరు చక్కగా దిగింది. పెంకుటింటి వాసాల మీదుగా పాకిన మట్టి దారులు, కొబ్బరి మానుకి పూసినట్టున్న ఎర్రమట్టి పొర, తొలకరి రాత్రి వీధి లైటు చుట్టూ మూగిన ఉసిళ్ళు (రెక్కలొచ్చిన చెదలే అవి), అన్నీ కళ్ళకి కట్టాయి. చిక్కల్లా అక్కడే వచ్చింది. దాదాపు అన్ని జాతుల్లోనూ కూలీ చెదకి కళ్ళుండవు. దాని బతుకంతా నువ్వు కళ్ళతోనే రాశావు.

"చెదలు గుడ్డివి" అని ఒక్క ముక్క అనేసి ముందుకి వెళ్ళిపోయావు. నన్నడిగితే వ్యాసం మొదలవ్వాల్సింది ఆ ముక్క దగ్గరే. చీకట్లో, మట్టి అడుగున, వేలకొద్దీ పురుగులు పుట్టలోంచి దూలం దాకా దారి తప్పకుండా ఎలా వెళ్ళి వస్తున్నాయి? ముందు చదివేవాడికి ఆ సందేహం రానియ్యి. తరవాత తాపీగా చెప్పు.

చెప్పడానికి సరుకు బోలెడుంది. కూలీ చెద పొట్ట అడుగున ఒక చిన్న గ్రంథి ఉంటుంది. తిండి వెతుక్కుంటూ బయల్దేరిన చెద, నడుస్తూ పొట్టని నేలకి ఆనించి పలచగా వాసన పూస్తుంది. ఎండుకర్ర తగిలితే, తిరిగొచ్చేటప్పుడు పొట్టని ఇంకా గట్టిగా అదిమి నడుస్తుంది. దాంతో గీత చిక్కబడుతుంది. గూట్లో ఉన్నవి మీసాలతో దాన్ని పసిగట్టి బయల్దేరతాయి, వస్తూ పోతూ తమ వంతు పూస్తాయి. కర్ర అయిపోయాక పూసేవి తగ్గిపోతాయి. వాసన ఆవిరవుతుంది, ఆ దారిన జనం పలచబడతారు. ఇంత పని చేసే ఆ పదార్థం సెంటీమీటరు గీతలో గ్రాములో వంద కోట్లో వంతు కూడా ఉండక్కర్లేదు. ఈ అంకె నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

"రాణి ఆజ్ఞతో సైన్యం కదిలింది" అని రాశావు చూడు, అది కొట్టెయ్యి. రాణి గుడ్లు పెడుతుంది. కూలీలు ఎటు వెళ్ళాలో ఆవిడ చెప్పదు. వాక్యం వినడానికి బాగుంది కాబట్టే దాన్ని ఉంచడం మరీ ప్రమాదం, జనానికి అదొక్కటే గుర్తుండిపోతుంది. "తెల్ల చీమలు" అన్నది కూడా తీసెయ్యి. చెద చీమ జాతిది కాదు, బొద్దింకకి చుట్టం.

1968లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మత్సుమురా అనే కీటక శాస్త్రవేత్త బృందం అక్కడి ఒక చెద జాతి దారి వాసనని విడదీసి చూసింది. అది పన్నెండు కార్బన్ల ఆల్కహాల్, డోడెకాట్రైఎనాల్. ఆశ్చర్యం ఏమిటంటే అదే పదార్థం ఒక రకం బూజు పట్టి కుళ్ళిన కర్రలోనూ దొరికింది. అంటే చెద పొట్టలోంచి వచ్చే వాసనే తిండిలోంచి కూడా వస్తోంది! ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అలాగని వరదకి నానిన మన లంకల్లోని దూలాలకి దీన్ని అంటగట్టకు. అది అక్కడి చెద, అక్కడి బూజు. మన దగ్గర పుట్టలు కట్టే ఒడాంటోటెర్మెస్ అనే చెదల చుట్టాల్లో దానికి దగ్గరి పోలికలున్న వేరే ఆల్కహాళ్ళు ఈ పని చేస్తాయి. ఉసిళ్ళ పేరాలో ఇంకోటి చేర్చు: కొన్ని జాతుల్లో కూలీలకి దారి చూపే పదార్థంతోనే రెక్కలు రాల్చిన ఆడది మగదాన్ని పిలుస్తుంది. తేడా మోతాదులోనే.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం తాళపత్రాల పేరా తీసి పక్కన పెట్టు. మంచి పేరానే, వేరే వ్యాసానికి పనికొస్తుంది.

ఇక నువ్వు స్వయంగా చూడాల్సింది ఒకటుంది. తెల్ల కాగితం మీద నీలం బాల్‌పాయింట్ పెన్నుతో వంపులు తిరిగే గీత గియ్యి. దొడ్లో పడున్న ఎండు కొబ్బరి మట్ట మీది మట్టి పొరని మెల్లిగా గోకితే పాలిపోయిన కూలీలు బయటపడతాయి. మెత్తటి కుంచెతో నాలుగింటిని కాగితం మీదకి దులుపు. కాసేపు దిక్కుతోచక తిరుగుతాయి. గీత తగిలిన చెద తల వంచి, మీసాలు గీతకి అటూ ఇటూ ఆడిస్తూ, వంపు వచ్చినచోట తానూ వంపు తిరుగుతూ పోతుంది. చాలా బాల్‌పాయింట్ సిరాల్లో కలిపే ఫినాక్సీఇథనాల్ అనే ద్రావకం వాటికి దారి వాసనలా తగులుతుంది. పక్కనే పెన్సిల్ గీత కూడా గీసి తేడా చూడు. అన్ని జాతులూ ఇలా నడవవు, అన్ని పెన్నులూ పనిచెయ్యవు. నీ కాగితం మీద నడవకపోతే నడవలేదనే రాయి. ఏ పెన్నో, ఏ చెట్టు కింద పట్టావో, ఎంతసేపు చూశావో రాయి. నడిచాయని మాత్రం కల్పించకు.

గట్టి వానలు పట్టకముందే ఈ పని కానిచ్చెయ్యి. వానకి మాను మీది మట్టి పొర కరిగిపోతే, అవి మళ్ళీ కట్టుకునేదాకా నీకు పైన ఏమీ దొరకవు. చూసి తిరగరాసి పంపు, మళ్ళీ కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో.