పాత టైల్స్ బాత్రూం: ఇల్లు అమ్మే ముందు పగలగొట్టాలా?

1990లలో కట్టిన ఇల్లు, బాత్రూంలో గులాబీ రంగు టైల్స్ ఇంకా గట్టిగానే ఉన్నాయి, అమ్మే ముందు మార్చాలా అని మీ ప్రశ్న. నేనైతే పగలగొట్టను. నేల టైల్స్ తీస్తే కింది వాటర్‌ప్రూఫింగ్ కూడా దెబ్బతింటుంది. అది మళ్లీ వేయించి, నేల మీద నీళ్లు నిలబెట్టి కిందికి కారుతున్నాయేమో కనీసం 24 గంటలు చూసుకోవాలి. ఇంతా చేస్తే, మీరు ఎంచిన రంగు కొనేవాళ్లకు నచ్చాలని ఏముంది?

చూడ్డానికి వచ్చినవాళ్ల కన్ను పడేది టైల్ రంగు కంటే సందుల్లోని నలుపు మీద. ఆ సందుల్లో నింపిన పాత గ్రౌట్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకించి, నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ పట్టించండి. బోరు నీళ్ల తెల్లమరకలకు యాసిడ్ మాత్రం పోయకండి, సిమెంటు గ్రౌట్‌ను తినేస్తుంది. (మా ఇంట్లో ఆ ముచ్చటా తీరింది, కుళాయిల మెరుపు కూడా పోయింది.) కారే కుళాయి, అంచులు నల్లబడ్డ అద్దం, గుడ్డి బల్బు మార్చండి, చాలు.

కింది గది సీలింగ్‌లో చెమ్మ ఉంటే మాత్రం సంగతి వేరు. పాత జీఐ పైపులు (జింకు పూత ఇనుప పైపులు) గోడలోపల తుప్పుపట్టి ఉండొచ్చు. రంగేసి కప్పిపెట్టకుండా ముందు ప్లంబర్‌కు చూపించండి. బాగుచేయించే ఓపిక లేకపోతే ఉన్న విషయం చెప్పి ధర తగ్గించండి.