బ్లఫ్‌కి పడిపోయాక ముక్కలు పడేయలేకపోతున్నాను

ప్రశ్న: వారానికోసారి బంధువులం, స్నేహితులం కలిసి పోకర్ ఆడతాం. కొన్ని నెలల కిందట ఒక పెద్ద పాట్‌లో (అందరూ పెట్టిన పందెం సొమ్ము) నా బావమరిది ఆఖరి ముక్క పడ్డాక ఉన్న చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ముందుకి తోశాడు. నా చేతిలో రాణుల జత, బోర్డు మీద, అంటే అందరికీ కలిపి బల్ల మీద తెరిచిన ముక్కల్లో, ఆసు. ఆలోచించి, పాట్ వదులుకుని ముక్కలు పడేశాను. వాడు ఏమీ లేని ముక్కలు తిప్పి చూపించి "దొరికిపోయావు బావా" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఎవరు బెట్ వేసినా బ్లఫ్ అనే, అంటే మంచి ముక్కల్లేకుండానే బెదిరిస్తున్నారనే అనిపిస్తుంది. పడేయలేక ప్రతిసారీ కాల్ చేసి (వాళ్లు పెట్టినంతా నేనూ పెట్టి) పోగొట్టుకుంటున్నాను. నిద్ర పట్టదు. "ఆటే కదా" అన్నందుకు నా భార్య మీద అరిచాను. ఆమెకు చెప్పకుండా ఒకటి రెండుసార్లు అనుకున్న దానికంటే ఎక్కువ డబ్బు పెట్టాను. బావమరిదితో మాటల్లేవు. ఆట మానేయాలా?

జవాబు: మీ ఉత్తరం నిండా డబ్బు పోయిన బాధ కంటే నలుగురిలో నవ్వులపాలైన బాధే కనిపించింది. అది చిన్న బాధ కాదు. తెలివిని కొలిచే ఆట అనుకుని కూర్చున్న చోట, తెలివితక్కువవాడిలా నిలబడాల్సి వస్తే ఎవరికైనా మనసు కాలుతుంది. "ఆటే కదా" అన్న మాట మీకు అంత గుచ్చుకోవడానికి కారణం కూడా అదే. కాబట్టి ముందు ఆ రాత్రి సంగతి చూద్దాం.

అసలు మీరు ముక్కలు పడేయడం తప్పేనా? పాట్‌లో 100 చిప్స్ ఉన్నాయనుకోండి, ఎదుటివాడు ఇంకో 100 పెట్టాడు. మీరు 100 పెడితే 200 వచ్చే అవకాశం ఉంది. ఇలాంటి సందర్భాల్లో మూడింట ఒకసారి గెలిస్తే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అంతకంటే తక్కువసార్లు గెలుస్తారనిపిస్తే పడేయడమే సరైన పని. బోర్డు మీద ఆసు కనిపిస్తుండగా మీ రాణుల జత గెలవాలంటే చాలావరకు అతను బ్లఫ్ చేస్తుండాలి. అతను అలా చేసేది ఐదింట ఒక్కసారే అయితే, ఐదుసార్లూ పడేయడం మంచి ఆట. ఆ ఒక్కసారి మాత్రం మీరు తప్పకుండా బ్లఫ్‌కి పడతారు. పడినా నిర్ణయం సరైనదే. నన్నెవరూ ఎప్పుడూ బోల్తా కొట్టించకూడదు అనుకునేవాడికి ఉన్నది ఒకటే దారి, ప్రతి బెట్‌కీ కాల్ చేయడం. మీరిప్పుడు నడుస్తున్నది ఆ దారిలోనే. అది ఎంత ఖరీదైనదో మీకే తెలుసు.

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్, రెండోవారు పేరున్న ప్రొఫెషనల్ సామీ ఫర్హా. ఒక పాట్‌లో బోర్డు మీద తొమ్మిదిని మించిన ముక్క లేదు, ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది. మనీమేకర్ చేతిలో ఉన్నది ఒట్టి రాజు. ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) కోసం చూశాడు, అది రాలేదు. అయినా చిప్స్ అన్నీ తోసేశాడు. ఫ్లష్ రాలేదేమో అని ఫర్హా పైకే అన్నాడు. అనుమానం సరైనదే, అయినా చివరికి పడేశాడు. మనీమేకర్ ఆ టైటిల్‌తో పాటు 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఇద్దరి చేతి ముక్కలూ టీవీలో ప్రపంచమంతా చూసింది. ఫర్హా ఆట అక్కడితో ఆగిపోలేదు. 2006లో, మళ్లీ 2010లో అదే సిరీస్‌లో టైటిళ్లు గెలిచాడు. అంతటివాడికి జరిగింది మీకూ జరిగింది.

ఇక మీరు గమనించని సంగతి ఒకటుంది. అందరూ పడేశాక గెలిచినవాడు తన ముక్కలు చూపించాలన్న నియమం లేదు. మీ బావమరిది చూపించాడు. సరదాకే కావచ్చు, కానీ ఫలితం ఏమైంది? బ్లఫ్ వల్ల మీకు ఒక్క పాట్ పోయింది. ఆ ముక్కలు చూసినందుకు ఆ తర్వాతి రాత్రులన్నీ పోయాయి. మీరు పడేయరని బల్ల చుట్టూ ఉన్న వాళ్లందరికీ ఇప్పుడు తెలుసు. పడేయనివాడి మీద బ్లఫ్ చేయడం దండగ కనుక, మీ మీద బెట్ వేసేవాళ్ల దగ్గర ఈమధ్య ఎక్కువగా నిజమైన ముక్కలే ఉంటున్నాయి. మీ కాల్స్ పెరిగేకొద్దీ "వీడు బ్లఫ్ చేస్తున్నాడు" అన్న మీ అనుమానం తప్పయ్యే అవకాశమూ పెరుగుతోంది. ఆవేశంలో పడి ఇలా ఆడటాన్ని ఆటగాళ్లు టిల్ట్ అంటారు. మనిషికి లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం పెట్టే బాధే బరువని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. ఆ బరువు దించుకోవాలన్న తొందరే మీ చేత కాల్ చేయిస్తోంది.

పడేయడం నేర్చుకోవాలంటే ఆఖరి ముక్క దగ్గర కాదు, మొదటి రెండు ముక్కల దగ్గరే మొదలుపెట్టండి. ఆసుల జత సగటున 221 సార్లకు ఒకసారి వస్తుంది. ఏదో ఒక జత చేతికి రావాలన్నా 17 సార్లకు ఒకసారే. జత కాని రెండు ముక్కలతో ఫ్లాప్ (బోర్డు మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) చూస్తే, మూడింట రెండుసార్లు అక్కడ వాటికి జత కుదరదు. అంటే ఈ ఆటలో ఎక్కువ సేపు చేయాల్సిన పనే పడేయడం. మొదట్లో పడేస్తే పోయేది దాదాపు ఏమీ ఉండదు. నాసిరకం ముక్కలతో దిగి, కొంచెం కొంచెంగా పెట్టుకుంటూ వెళ్లాక చివర్లో చెయ్యి వెనక్కి రాదు. ఇంత పెట్టాను కదా అనిపిస్తుంది. పాట్‌లోకి వెళ్లిన చిప్స్ ఇక మీవి కావు, ఎంత పెట్టారన్నది లెక్కలోకి రాకూడదు.

చివర్లో పెద్ద బెట్ ఎదురైనప్పుడు, అతను మొదటి నుంచీ ఎప్పుడెప్పుడు ఎంత పెట్టాడో వరసగా గుర్తు చేసుకోండి. ఏ ముక్కలుంటే అలా ఆడతారు? నా చేతిలో ఉన్నది అతని మంచి ముక్కల్లో దేన్నైనా గెలుస్తుందా, లేక బ్లఫ్‌ని మాత్రమేనా? ఈ రెండిటికీ జవాబు వచ్చాకే చెయ్యి కదలాలి. "వీడి సంగతి తేల్చాలి" అన్న మాట మనసులో వినిపించిందా, పడేయండి. ఎందుకంటే అప్పుడు మీరు చూస్తున్నది ముక్కల్ని కాదు, మనిషిని. పడేశాక "ఏముందీ నీ దగ్గర" అని అడగొద్దు. వాళ్లంతట వాళ్లే చూపించి మీకు ఒళ్లు వేడెక్కితే లేచి నాలుగు ఆటలు బయట తిరిగి రండి. ఇంటికొచ్చాక నిద్ర పట్టనివ్వని ఆటను రాసుకోండి. ఆ నిమిషంలో మీకు తెలిసింది మాత్రమే రాయండి, తర్వాత బయటపడింది వద్దు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మాత్రం ఒక చిన్న వాక్యం. భార్యకు చెప్పకుండా ఎక్కువ డబ్బు పెట్టానన్నారు. పోయింది రాబట్టుకోవడానికి ఇంకా పెట్టడం, అది ఇంట్లో దాచడం, ఇవి జూదం మనిషిని పట్టుకుంటోందనడానికి గుర్తులు. కనుక మానేయాలా అన్న మీ ప్రశ్నకు జవాబు, ప్రస్తుతానికి మానేయండి. బ్లఫ్‌కి పడ్డారని కాదు, డబ్బు దాచారని.

ఆ మాట ఆమెకు ఈ వారంలోనే చెప్పండి. ఎంతో కూడా చెప్పండి, తగ్గించి చెప్పొద్దు. అరిచినందుకు విడిగా క్షమించమని అడగండి. ఒకపక్క భర్త, ఒకపక్క తోడబుట్టినవాడు, ఇద్దరికీ మాటల్లేవు. ఏ తప్పూ చేయకుండా మధ్యలో నలుగుతున్నది ఆవిడే.

బావమరిది విషయానికొస్తే, అతను నియమాల్లోనే ఆడాడు. పోకర్‌లో బ్లఫ్ ద్రోహం కాదు. నవ్వు నొప్పించిందన్నది మాత్రం నిజం, అది అతనికి చెప్పే హక్కు మీకుంది. "నువ్వు ఆ ఆట బాగా ఆడావు. అందరి ముందూ నవ్వడం మాత్రం నాకు కష్టమనిపించింది" అనండి చాలు. ఆ మాట అనడానికి పేకబల్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి, ఇద్దరే ఉన్నప్పుడు అనండి.

మళ్లీ ఆడాలనుకుంటే కొన్ని నెలలు పోనివ్వండి. ఎంత పెట్టేదీ మీ ఆవిడకు ముందే తెలియాలి, అది అయిపోతే లేచి రావాలి. మానేసిన రోజుల్లో ఆట తప్ప ఇంకేదీ తోచకపోయినా, లేచి రావాల్సినప్పుడు రాలేకపోయినా, మానసిక వైద్య నిపుణుడిని కలవండి. వీలైతే ఆమెనూ వెంట తీసుకెళ్లండి.