టెక్ సందేహాలు: పాత స్పెక్ట్రమ్‌లో గేమ్ లోడ్ కావాలంటే బోర్డర్ చూడండి

ప్రశ్న: అటక మీద డీబీ స్పెక్ట్రమ్ ప్లస్, కొన్ని గేమ్ క్యాసెట్లు దొరికాయి. కంప్యూటర్ ఆన్ అవుతోంది. గేమ్ మాత్రం సగంలో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అని ఆగిపోతోంది. ఫోన్‌తో లోడ్ చేయొచ్చా?

చేయొచ్చు. బ్రిటన్‌లో 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్ కుటుంబానికి చెందిన మోడల్‌ను లైసెన్సుపై మన దేశంలో తయారు చేశారు. అదే ఇది. ఆ మెషీన్‌కు పనికొచ్చే చిట్కాలే దీనికీ పనికొస్తాయి.

ముందు క్యాసెట్‌తోనే లోపం ఎక్కడుందో పట్టుకోండి. లోడ్ కమాండ్ (ఎలాగో చివరి ప్రశ్నలో ఉంది) ఇచ్చి టేప్ ప్లే చేసి, స్క్రీన్ చుట్టూ ఉండే బోర్డర్ మీదే కన్ను వేయండి. సన్నని కూత మొదలవగానే ఎరుపు, లేత నీలం అడ్డచారలు సుమారు ఐదు సెకన్లు నిలకడగా కదలాలి. ఆ వెంటనే పసుపు, ముదురు నీలం సన్న చారలు ఒక్కసారి మెరిసి ప్రోగ్రామ్ పేరు పడుతుంది. తర్వాత మళ్లీ కాసేపు కూత, ఆపైన అసలు డేటా. 48కె (48 కిలోబైట్ల మెమరీ) గేమ్ అయితే నాలుగైదు నిమిషాలు పడుతుంది.

కూత వినిపిస్తున్నా చారలు నిలకడగా రాకపోతే వాల్యూమ్ చాలడం లేదు, లేదా వైరు ‘ఇయర్’కి బదులు ‘మైక్’ సాకెట్‌లో ఉంది. చారలొచ్చినా పేరు పడకపోతే రికార్డర్‌లో టేపును చదివే హెడ్‌ను అనుమానించాలి. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడవండి. ఆ తర్వాత హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని టేప్ వింటూ పావు చుట్టు అటూ ఇటూ తిప్పండి. కూత ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపేయండి. ఇక పేరు పడ్డాక మధ్యలో ఎర్రర్ వస్తుంటే రికార్డర్ రబ్బరు బెల్టు సాగి వేగం ఊగుతుండొచ్చు. ఈ మెషీన్ డేటాలోని సున్నానీ ఒకటినీ టేపు శబ్దంలోని పల్స్ (చిన్న తునక) నిడివిని బట్టే గుర్తిస్తుంది. ఒకటి పల్స్ సున్నా కంటే రెట్టింపు పొడవు. వేగం కుదురుగా లేకపోతే లెక్క తప్పుతుంది. ట్రెబుల్ పూర్తిగా పెంచి, బాస్ తగ్గించండి.

ఫోన్‌లో అయితే టీజెడ్‌ఎక్స్ ఫైల్‌ను (క్యాసెట్ గేమ్‌కు కంప్యూటర్ ప్రతి) వేవ్ (కుదించని ఆడియో) ఫైల్‌గా మార్చుకోండి. ఎంపీ3 వద్దు, కుదింపులో పల్స్‌ల అంచులు చెడతాయి. ఈక్వలైజర్ ఆపి, ఫ్లైట్ మోడ్ పెట్టి, వాల్యూమ్ ముప్పాతిక దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. మధ్యలో ఒక్క మెసేజ్ టింగుమన్నా మళ్లీ మొదటికే.

ప్రశ్న: అడాప్టర్ పోయింది. ఏదైనా 9 వోల్టులది పెట్టొచ్చా?

ఏదో ఒకటి పెట్టకండి. స్పెక్ట్రమ్ ప్లగ్‌లో మధ్య పిన్ను నెగెటివ్. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువ శాతం మధ్యలో పాజిటివే. తిరగేసి ఇస్తే లోపలి వోల్టేజ్ కన్వర్టర్ సర్క్యూట్ పోతుంది, దాంతోపాటు మెమరీలో మొదటి 16కె చిప్‌లూ పోవచ్చు. 9 వోల్టుల డీసీ, కనీసం 2 ఆంపియర్లు ఉన్నది కొని, పెట్టే ముందు మల్టీమీటర్‌తో ధ్రువాలు చూడండి. గిటార్ పెడల్ అడాప్టర్‌లో మధ్య పిన్ను నెగెటివే అయినా, చాలావాటికి కరెంటు సరిపోదు.

ప్రశ్న: జే నొక్కితే ‘లోడ్’ అని మొత్తం పదం వస్తోంది. కీబోర్డు చెడిందా?

లేదు. కర్సర్ ‘కె’ అని మెరుస్తున్నప్పుడు ఒక్కో మీట బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ఒక్కో కమాండ్ ఇస్తుంది. జే, ఆపైన కొటేషన్ మీట రెండుసార్లు, ఎంటర్: లోడ్ కమాండ్ అంతే.