లడఖ్‌లో త్సో కర్‌కు ఒక రోజు పెట్టొచ్చా?

జూలైలో లడఖ్ పోతున్నాం, పాంగోంగ్ సరస్సు ఎలాగూ చూస్తాం, త్సో కర్ అనే ఇంకో సరస్సు కోసం మరో రోజు పెట్టడం దండగేమో అని అడిగారు. దండగ కాదు, తప్పకుండా పెట్టండి. పాంగోంగ్‌లో ఒక పూట తగ్గించుకున్నా ఫర్వాలేదు.

మాది హనుమకొండ. పాకాల, రామప్ప, లక్నవరం చూస్తూ పెరిగాం కాబట్టి చెరువంటే మనకు కట్ట, తూము, మత్తడి. త్సో కర్‌కు మత్తడి లేదు. 4,500 మీటర్ల పైన, చుట్టూ బోడి కొండలు. మంచు కరిగిన నీళ్లు వచ్చి చేరడమే గానీ బయటికి పోయే దారి లేదు. ఎండకూ గాలికీ నీళ్లు ఆవిరైపోతాయి, అవి మోసుకొచ్చిన ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఒడ్డంతా సున్నం చల్లినట్టు కనిపిస్తుంది. త్సో కర్ అంటేనే తెల్ల సరస్సు. నేను అడుగేస్తే పైన ఉప్పు పొర అప్పడంలా చిట్లి, కింద బురద తేలింది. చాంగ్‌పా పశువుల కాపరులు ఒకప్పుడు ఈ ఉప్పు తీసి అమ్ముకునేవారు.

అసలు విశేషం పక్కనే ఉంది. స్టార్ట్‌సాపుక్ త్సో అనే చిన్న సరస్సు నిండి, ఆ నీళ్లు త్సో కర్‌లోకి పోతాయి. అంటే దానికి మత్తడి ఉంది, అందుకే అది మంచినీళ్లది! ఈ రెండింటినీ కలిపి 2020లో రామ్‌సర్ చిత్తడి నేలగా, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా గుర్తించారు. పచ్చిక, పక్షులు ఎక్కువగా ఈ మంచినీళ్ల వైపే. నల్లమెడ కొంగల జంట ఒకటి, మధ్యలో గోధుమరంగు పిల్లతో, చాలాసేపు మేస్తూ కనిపించింది. దూరంగా కియాంగ్‌లు, అంటే అడవి గాడిదలు, గుంపుగా నిలబడి మావైపే చూశాయి.

నన్ను కదిలించింది మాత్రం చక్రవాకం. కావిరంగు ఒళ్లు, లేతరంగు తల. చలికాలంలో మన వైపు చెరువులో చూసిన పక్షే. రాత్రిళ్లు జంట విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని పద్యాల్లో చదువుకున్నాం కదా, ఇక్కడ ఆ జంట వెనకే వరుసగా పిల్లలు ఈదుతున్నాయి. మన దగ్గర చలికాలపు చుట్టం, ఇక్కడ ఇంటిది. ఆ 'ఆంగ్, ఆంగ్' అరుపు వినగానే గొంతు పూడుకుపోయింది.

లేహ్‌లో కనీసం రెండు రోజులు ఆగి బయల్దేరండి. మనం మూడు వందల మీటర్ల లోపు ఎత్తులో బతికేవాళ్లం, త్సో కర్ దారిలో తంగ్‌లంగ్ లా కనుమ 5,300 మీటర్లు దాటుతుంది. నాకు ఆ రాత్రంతా తలనొప్పే. బైనాక్యులర్ మర్చిపోవద్దు. ఫొటో కోసం బండిని పచ్చిక మీదికి దింపుతానని డ్రైవర్ అంటే గట్టిగా వద్దనండి. ఆ పక్షుల్లో చాలావాటి గూళ్లు నేల మీదే ఉంటాయి.