బెట్టింగ్ సైట్ల రివ్యూలు ఎంతవరకు నమ్మొచ్చు? విత్‌డ్రా దాక పోయినోళ్ల మాటే చూడాలె

ఒక బెట్టింగ్ సైట్‌కు 4.6 స్టార్లు ఉన్నయి, వేల మంది బాగుందని రాసిన్రు, పైసలు పెట్టొచ్చా అని హన్మకొండ తమ్ముడొకరు అడిగిండు. పెట్టకు తమ్మీ. అవన్నీ దొంగ రివ్యూలని కాదు నేననేది. నిజమైన మనిషి నిజంగ రాసింది కూడ నీకు కావల్సిన ముచ్చట చెప్పదు.

రివ్యూ ఏ గడియల పడుతదో చూడు. 500 వేస్తరు, 800 అయితది, విత్‌డ్రా కొడితే పది నిమిషాలల్ల యూపీఐకి వస్తయి. గప్పుడే "రేటింగ్ ఇస్తే 50 బోనస్" అని తెర మీదికి వస్తది. మనిషి సంబురంగ 5 స్టార్లు కొడ్తడు. అండ్ల అబద్ధం లేదు. కని ఆ 800 గాలానికి గుచ్చిన ఎర. అసలు సంగతి 40 వేలు తీస్తనన్ననాడు బయటపడ్తది.

ఆనాడు మొదట "ప్రాసెసింగ్" అని ఉంటది. పక్కనే విత్‌డ్రా రద్దు చేసి మళ్ల ఆడే బటన్ ఉంటది. ఆలస్యం చేసేది గా బటన్ నొక్కుతరనే. రెండు రోజులు ఆగలేక చానమంది నొక్కుతరు, 40 వేలు అక్కడనే కరిగిపోతయి. ఆగినోళ్లకు టర్నోవర్ (పైసలు తీసే ముందు ఇంత పందెం ఆడి తీరాలనే షరతు) మాట వస్తది. మొదట్ల తీసుకున్న 1000 బోనస్‌కు 30 రెట్లు, అంటే 30 వేల పందెం ఆడాలె. ఒక్క సున్నా ఉండే రూలెట్ (తిరిగే చక్రం మీద నంబర్ పందెం) ఆటల 37 గళ్లు, కంపెనీ వాటా 2.7 శాతం. 30 వేల మీద సగటున 810 పోతది, వెయ్యిల మిగిలేది 190. ఇది మోసం లేని ఆట లెక్క. చాన సైట్లు రూలెట్ పందేన్ని టర్నోవర్‌ల పూర్తిగ జమ కట్టవు. స్లాట్లు (బటన్ నొక్కితే బొమ్మలు తిరిగే ఆటలు) ఆడాలె, వాటిల్ల వాటా ఇంకా ఎక్కువ.

అదీ దాటితే ఆధార్, పాన్, సెల్ఫీ. ఫొటో మసకగుందని మూడు సార్లు తిప్పి పంపుతరు. ఆఖరుకు "30 శాతం ట్యాక్స్ ముందు కట్టు, మొత్తం ఒక్కసారే ఇస్తం" అంటరు. ఇది పచ్చి మోసం. 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన టీడీఎస్ లెక్క ప్రకారం గెలిచిన పైసలల్ల నుంచే కోసుకొని మిగిలింది ఇయ్యాలె. నీతోని ఎదురు కట్టించుకునే పద్ధతే లేదు. కట్టినంక లాగిన్ పోతది. లాగిన్ పోయినోడు ఆ యాప్‌ల రివ్యూ ఎట్ల రాస్తడు? 4.6 గట్ల నిలబడ్తది.

"టాప్ 10 సైట్లు" అని రాసేటోళ్లను ఇంకా నమ్మకు. వాళ్ల లింకుల, నువ్వు వాళ్ల దిక్కు నుంచే వచ్చినవని తెలిపే రెఫరల్ కోడ్ ఉంటది. కొన్ని ఒప్పందాలల్ల నువ్వు పోగొట్టుకునే దాంట్ల వాళ్లకు వాటా ఉంటది. నీ నష్టం మీద బతికేటోడు నీకు మంచి సైట్ చూపిస్తడా? ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022ల బీఐఎస్ (దేశంల ప్రమాణాలు పెట్టే సర్కారు సంస్థ) ఐఎస్ 19000 అని ప్రమాణం తెచ్చింది. అది కూడ స్వచ్ఛందమే. అడ్రస్ లేని సైట్ దాన్ని ఎందుకు పాటిస్తది?

చదవాల్సిందే అనుకుంటే 1 స్టార్ రివ్యూలు, అవీ గడిచిన నెలవి చదువు. ఎంత మొత్తం, ఏ తారీఖు, సపోర్ట్ ఏం జవాబిచ్చింది అని రాసినోళ్ల మాటకు విలువ ఉంటది. ఒక్కటే రోజు కుప్పగ పడ్డ ఒక్క లైన్ మెచ్చుకోళ్లు విడిచిపెట్టు. "ఫలానా నంబర్‌కు మెసేజ్ పెట్టిన, నా పైసలు తిరిగి ఇప్పించిండు" అని ఉంటే అది రెండో ఉచ్చు, ఫీజు పేరు మీద మళ్ల గుంజుతరు. విత్‌డ్రా స్క్రీన్‌షాట్‌ల 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ నంబర్), పంపినోళ్ల పేరు చెరిపేసి ఉంటే దాన్ని లెక్కలకు తీసుకోకు, కనబడ్డా గుడ్డిగ నమ్మకు, బొమ్మ మార్చుడు రెండు నిమిషాల పని. సైట్ "పదేండ్ల నుంచి ఉన్నం" అంటే హూఈజ్ (సైట్ పేరు ఎప్పుడు నమోదైందో ఇంటర్నెట్‌ల చూపించేది) తీసి డొమైన్ తారీఖు చూడు. మూడు నెలలదే అయి ఉంటే ఆ పదేండ్ల రివ్యూలు ఎక్కడియి?

రివ్యూలల్ల అసలు కనబడని నష్టం ఇంకోటి ఉంది. డిపాజిట్ చేసినప్పుడల్లా వేరే వేరే మనుషుల పేరు మీద యూపీఐ ఐడీ వస్తే అవి అద్దె ఖాతాలు. గసోంటి ఖాతా నుంచి నీకు పైసలు వచ్చినా ఆపదనే. ఎక్కడో వేరే రాష్ట్రంల ఎవరో ఆ ఖాతా మీద ఫిర్యాదు చేస్తే పోలీసుల మాట మీద నీ ఖాతా కూడ ఆగుతది. కొన్నిసార్లు ఆ మొత్తం వరకే ఆపుతరు, కొన్నిసార్లు ఖాతా అంతా. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి అమ్మిన పైసలు అండ్లనే ఉంటే అవి కూడ కదలవు. విడిపించుకోవాలంటే ఫిర్యాదు నంబర్, ఏ పోలీస్ స్టేషనో బ్యాంకుల అడిగి తీసుకొని, ఆ అధికారికి నీ లావాదేవీల కాగితాలు పంపాలె. ఇంటి కష్టార్జితం గిట్ల ఇరుక్కుంటే కడుపు తరుక్కుపోతది.

చట్టం సంగతి కూడ విను. తెలంగాణల 2017 సవరణతోనే ఆన్‌లైన్ పందేలు నిషేధం, రమ్మీ సహా. 2025 ఆగస్టుల పార్లమెంటు ఆన్‌లైన్ పైసల ఆటలను దేశమంతట నిషేధిస్తు చట్టం చేసింది, వాటి ప్రకటనలు కూడ ఆ నిషేధంలకే వస్తయి. ఇక్కడి పెద్ద కంపెనీలు పైసల ఆటలు బంద్ పెట్టినయి. ఇంకా పైసలు అడిగేటియి ఎక్కువ దేశం బయటియే. కురసావ్ (కరీబియన్ దీవి) లైసెన్స్ బొమ్మ పెట్టుకున్నా అది వరంగల్‌ల చెల్లది.

ఇప్పటికే పైసలు ఇరుక్కున్నోళ్లు రివ్యూ రాసుకుంట కూసోకుర్రి. మొదట చాట్, యూపీఐ ఐడీలు, యూటీఆర్‌లు స్క్రీన్‌షాట్ తీయుర్రి, లాగిన్ పోతే అవి దొరకవు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయుర్రి. పైసలు ఇంకో ఖాతాకు మారకముందే ఆపాలె, గందుకని గంట గంటకు లెక్కనే. ఆ ఫోన్‌ల ఏపీకే (ప్లేస్టోర్ల కాక బయటి నుంచి ఎక్కించే యాప్ ఫైలు) ఎక్కించి ఉంటే తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ మార్చుర్రి.